కాలి కింద స్విచ్చి, స్విచ్చి మీద పేరు

మొన్నామధ్య మా బ్యాచ్ వాళ్ళందరం హన్మకొండలో కలిశాం. మేం చదివే రోజుల్లో అది వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, 2002లో ఎన్.ఐ.టి. అయింది. పాతికేళ్ళ తర్వాత కలుస్తున్నాం కదా, అప్పటి బ్యాండు మళ్ళీ వాయించాల్సిందే అని ఒకటే గోల. సరే అని గిటారు దుమ్ము దులిపి, దాంతోపాటు కాలితో నొక్కే ఫుట్ కంట్రోలర్ ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరాను. గిటారు వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి, పాట మధ్యలో శబ్దం మార్చాలంటే కాలే దిక్కు. ఈ పెట్టె కాలి కింద ఉంటుంది, దాని మాట వినే ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఇంకోచోట ఉంటుంది.

ఇంట్లో ప్రాక్టీసు చేసిన ప్రాసెసర్ వేరు, అక్కడ అద్దెకు తెచ్చింది వేరు. ఒకటో నంబరులో మామూలు శబ్దం, రెండో నంబరులో చెవులు చిల్లులుపడే డిస్టార్షన్ పెట్టాను. ముందు ప్రార్థనా గీతం. మా క్లాస్‌మేట్ వాళ్ళావిడ కళ్ళు మూసుకుని భక్తిగా ఎత్తుకున్నారు. నేనూ అంతే భక్తిగా ఒకటో స్విచ్చి తొక్కి తీగ మీటాను. హాల్లో పిడుగు పడింది. ముందు వరసలో నిద్రపోతున్న ఒక చంటివాడు లేచి ఏడుపందుకున్నాడు.

ఏం జరిగిందో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆఫ్-బై-వన్ :) నా కాలి కింది పెట్టె సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఆ ప్రాసెసర్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. నేను పంపిన 1 దానికి రెండోది. ఇరవయ్యేళ్ళుగా కుర్రాళ్ళ కోడులో ఈ తప్పు పట్టుకుని క్లాసులు పీకే మనిషిని, స్టేజీ ఎక్కి అదే తప్పు చేశాను.

ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టక ఆలోచిస్తుంటే, మట్టెవాడలో నాకు రెండేళ్ళు సంగీతం చెప్పిన హార్మోనియం మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన ఈ సమస్యని నాకంటే చాలా ముందు, నాకంటే బాగా పరిష్కరించుకున్న మనిషి. ఈ సోదంతా ఆయన గురించే.

నాది గుంటూరు వైపు. కాలేజీలో చేరిన కొత్తలో సెకండ్ హ్యాండ్ గిటారొకటి కొన్నాను, నేర్పేవాళ్ళు దొరకలేదు. ఎవరో చెబితే ఈ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. వయసులో ఉన్నప్పుడు నాటకాలకి, చిందు యక్షగానాలకి, భజనలకి వాయించాడట. మొదటి రోజే "ఏ శ్రుతిల వాయిస్తవ్ బిడ్డా?" అని అడిగాడు. నేను గొప్పగా "జి షార్ప్" అన్నాను.

"గదేంది? లెక్కబెట్టి చెప్పు."

నా వేలు పట్టుకుని తెల్ల మెట్ల మీద ఒక్కోటీ నొక్కించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "ఇగో, దీనికి ఆరుకి నడుమ నల్లది ఉన్నదా? అదేంది మరి? ఐదున్నర. గంతే. జి లేదు, గి లేదు."

అదండీ మన పద్ధతి. హార్మోనియం మీద ఇంగ్లీషువాడి సి ఒకటి, డి రెండు, అలా బి వచ్చేసరికి ఏడు. నల్లమెట్లు వాటి మధ్య అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనేదే ఉండదు. ఏడున్నరా ఉండదు. కచేరీలోనైనా, పద్యనాటకంలోనైనా "ఐదున్నర శ్రుతి" అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

ఇందులో ఇంకో తెలివి ఉంది, అది మన వృత్తివాళ్ళకి వెంటనే నచ్చుతుంది. స రి గ మ అనేవి మెట్ల పేర్లు కావు. సా ఎక్కడ పెట్టుకున్నావన్న దాన్నిబట్టి మిగతావన్నీ కదులుతాయి. ఒకటి శ్రుతిలో పా అంటే ఐదో తెల్లమెట్టు. ఐదున్నర శ్రుతిలో అదే పా వెళ్ళి రెండున్నర మీద కూర్చుంటుంది. అంటే శ్రుతి నంబరు బేస్ అడ్రసు, స్వరం ఆఫ్‌సెట్. ఒకటి యంత్రంలో ఎక్కడుందో చెబుతుంది, రెండోది పాటలో దాని పనేమిటో చెబుతుంది. రెంటికీ రెండు వేర్వేరు పేర్లు పెట్టి, ఎప్పుడూ కలగాపులగం చెయ్యకుండా వాడుకున్నారు మనవాళ్ళు. హన్మకొండలో నేను చేసిన తప్పల్లా ఒక రకం పేరుని ఇంకో రకం పేరనుకోవడమే.

మేస్త్రికి ఇంకో లెక్క కూడా వచ్చు. కాజీపేట దర్గా ఉర్సుకి ఖవ్వాలీ పాడేవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళు ఇదే మెట్టుని "కాలీ చార్" అంటారు. హిందుస్తానీ లెక్కలో నల్లమెట్లని విడిగా ఎంచుతారు, ఐదున్నర నాలుగో నల్లది. ఒకే మెట్టుకి ఒకే ఊళ్ళో రెండు పేర్లు, తయారుచేసినవాడు పెట్టిన మూడో పేరు కాకుండా. మేస్త్రికి మొదటి రెండూ నోటికి వచ్చు, మూడోది అక్కర్లేకపోయింది.

అసలు ఆ పెట్టె మనది కాదు కదా. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ అనే ఆయన హార్మోనియం అన్న పేరుతో పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్ళతో తిత్తులు తొక్కుతూ రెండు చేతులా వాయించే వాద్యం. మిషనరీలతో, దొరలతో మన దేశానికి వచ్చింది. 1880లలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో వాయించేట్టు మార్చాడు. మనం గుళ్ళలో, గురుద్వారాల్లో చూసేది అదే. కాలితో తొక్కే రకం మాత్రం నాటకాలవాళ్ళ దగ్గర నిలబడింది. పద్యం అందుకునే నటుడి వెంట పరిగెత్తాలంటే ఒక చెయ్యి చాలదు మరి.

తెలుగునాట ఆ కాలం సరిగ్గా నాటకాలు ఊపందుకున్న కాలం. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచకవధ'తో సురభి నాటకాలు మొదలయ్యాయి. 1886లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టారు. తర్వాత సురభి సమాజాలు తెలంగాణ ఊళ్ళలో కూడా డేరాలు వేసి నెలల తరబడి ఆడాయి. పారిస్ పెట్టె మన పద్యానికి తోడొచ్చింది, దాని మెట్లకి మన అంకెలు పడ్డాయి.

అందరికీ అది నచ్చలేదు. గమకం పలకదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న నాదం దానికి చేతకాదు అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. ఈ గొడవ నాకు ఎందుకు ముఖ్యమంటే, పేరు పెట్టడంలో ఉన్న నష్టం ఇదే. ఐదున్నరకి పేరుంది, ఐదూ పావుకి లేదు. పేరున్నదే మిగులుతుంది. పేరు లేనిది పాడేవాడి గొంతులోనే ఉండి, ఆ గొంతుతోనే పోతుంది.

ఇప్పుడు గిటారు వైపు వద్దాం. అక్కడ పేర్ల చరిత్ర ఇంకా సరదాగా ఉంటుంది.

1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుంటే, మిక్సింగ్ బల్లలో ఒక చానెల్ చెడిపోయి బేస్ గిటారు శబ్దం చిరిగిపోయినట్టు వచ్చింది. బాగుందని అలాగే ఉంచేశారు. ఆ చెడిపోయిన శబ్దాన్నే కావాలని పుట్టించడానికి 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెట్టె వచ్చింది. బగ్గు ఫీచరవ్వడం మన దగ్గరే మొదలవలేదన్నమాట. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్ఫాక్షన్' పాటకి వాడాక అది ఇంటింటి మాటైంది.

ఆ పెట్టె మీద శబ్దాన్ని ఎంత చింపాలో చెప్పే మరకి "అటాక్" అని పేరు. దాదాపు అదే పని చేసే మరకి బిగ్ మఫ్ మీద "సస్టెయిన్" అని పేరు. 1978లో వచ్చిన బాస్ డిఎస్-1 మీద "డిస్ట్", ట్యూబ్ స్క్రీమర్ మీద "ఓవర్‌డ్రైవ్". ర్యాట్ అనే పెట్టె మీదున్న "ఫిల్టర్" మర ఇంకో వింత. మిగతా పెట్టెల్లో టోన్ మర కుడివైపు తిప్పితే శబ్దం పదునెక్కుతుంది, ఇందులో మొద్దుబారుతుంది. ఒక్కొక్కడూ తనకి తోచిన పేరు అచ్చువేశాడు, వాడేవాడు చచ్చినట్టు అన్నీ గుర్తుపెట్టుకోవాలి.

వీటన్నిటికీ తాత లియో ఫెండర్. స్వరస్థానం వణకడాన్ని ఇంగ్లీషులో వైబ్రాటో అంటారు, శబ్దం హెచ్చుతగ్గులుగా వణకడాన్ని ట్రెమొలో అంటారు. 1954 స్ట్రాటోకాస్టర్‌లో స్వరాన్ని వణికించే కడ్డీకి ఆయన "ట్రెమొలో" అని పేరు పెట్టాడు. తర్వాత యాంప్లిఫయర్లలో శబ్దాన్ని వణికించే సర్క్యూట్‌కి "వైబ్రాటో" అన్నాడు. తారుమారు! డెబ్భై ఏళ్ళు దాటినా ఎవరూ దిద్దలేదు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిన వేరియబుల్ పేరు మార్చడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మన సంగీతంలో స్వరాన్ని వణికించే గమకాన్ని కంపితం అంటారు. దానికా బాధ లేదు.

తర్వాత అంకెల యుగం వచ్చింది. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి కీబోర్డుని రోలాండ్ కీబోర్డుతో ఒక తీగతో కలిపి, ఇది మీటితే అది పలికేట్టు చేసి చూపించారు. అదే మిడి. అందులో "ఫలానా శబ్దానికి మారు" అని చెప్పే సందేశం రెండు బైట్లు. నంబరుకి ఏడు బిట్లు కాబట్టి 0 నుంచి 127. తీగలో వెళ్ళేదానికి ఎప్పుడూ గొడవ లేదు. దాన్ని మనిషికి చూపించే దగ్గర కొందరు 0 నుంచి, కొందరు 1 నుంచి మొదలెట్టారు. నా పిడుగు అక్కడ పుట్టింది. మిడిలో 60వ నంబరు స్వరాన్ని యమహా సి-3 అంటుంది, రోలాండ్ సి-4 అంటుంది. మా మేస్త్రి ఐదున్నర ఆ వరసలో 68. ఎవరేమన్నా, తెల్లవి ఐదు లెక్కపెట్టి పక్క నల్లది నొక్కితే మాత్రం తప్పు పోదు.

కాలి కింది పెట్టెల మీద అచ్చువేసి ఉండేవి అంకెలే. బాగా అమ్ముడుపోయిన బెరింజర్ ఎఫ్‌సిబి1010 చూడండి. పది స్విచ్చిలు, పది బ్యాంకులు, మొత్తం వంద అమరికలు. స్విచ్చి మీద మాత్రం 3, 7 అని ఉంటుంది. మూడు అంటే ఈ పాటలో ఏంటి? చీకట్లో, పాట మధ్యలో, వంగి చూస్తే అంకె కనపడుతుంది గానీ అర్థం కనపడదు. అందుకని వాయించేవాళ్ళే పేర్లు రాసుకోవడం మొదలెట్టారు. స్టూడియోల్లో మిక్సింగ్ బల్ల పొడవునా తెల్ల టేపు అంటించి ఏ మర ఎవరి గొంతుదో స్కెచ్ పెన్నుతో రాసుకునే అలవాటు అప్పటికే ఉంది, దాన్ని స్క్రిబుల్ స్ట్రిప్ అంటారు. 1958లో మొదలైన డైమో కంపెనీ చక్రం తిప్పి నొక్కితే ప్లాస్టిక్ పట్టీ మీద అక్షరం ఉబ్బి తెల్లగా తేలే యంత్రం తెచ్చింది, అదీ స్టేజీ ఎక్కింది. చివరికి 2015లో లైన్ 6 హీలిక్స్ అనే పెట్టె ఒక్కో స్విచ్చి పైన చిన్న తెర పెట్టి, దానికి స్క్రిబుల్ స్ట్రిప్ అనే పేరే ఉంచింది. టేపు ముక్క మీద మనిషి చేతిరాత యాభై ఏళ్ళు నిలబడి, తయారీదారు చేత తల వంచించిందన్నమాట.

హన్మకొండ అవమానం తర్వాత నేనూ లేబుళ్ళు చెయ్యడం మొదలెట్టాను. మొదట "క్లీన్", "లీడ్ 1", "లీడ్ 2" అని ఇంగ్లీషులో రాశాను. రాసి చూసుకుంటే సిగ్గేసింది. నాలుగో తరగతితో చదువాపేసిన మేస్త్రి పారిస్ పెట్టెని తెలుగులో లెక్కపెట్టుకున్నాడు. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగు ఉన్నా, ఇంజినీరునైన నాకు ఇంగ్లీషు కావాల్సొచ్చిందా? నేను వాడిన పెట్టెల తెరల్లో తెలుగు ఎక్కలేదు, కాబట్టి మళ్ళీ కాగితమే గతి. ప్రయత్నించేవాళ్ళకి పనికొస్తుందని నాలుగు ముక్కలు:

స్విచ్చి పని రాయకండి, పాటలో దాని చోటు రాయండి. నావి ఇప్పుడు "పల్లవి", "చరణం", "బిట్టు", "ముగింపు". ప్రాసెసర్ మారినా ఆ పేర్లు మారవు. స్విచ్చి మీద కాకుండా దాని పైన అంటించండి, మీద అంటిస్తే నాలుగు కచేరీలకే అరుగుతుంది. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు వెయ్యండి. తెల్ల కాగితం మీద ఎర్ర అక్షరాలు స్టేజీ ఎర్ర లైటు పడగానే మాయమైపోతాయి. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి సరిపోయే సన్నటి పట్టీలో తెగిపోతాయి, ఎత్తు కాస్త ఎక్కువ తీసుకోండి. ఒత్తులు తక్కువున్న మాటలు ఎంచుకోండి. మూలకి మాత్రం అసలు నంబరు చిన్నగా రాసుకోండి. బేస్ అడ్రసు మర్చిపోతే ఏమవుతుందో పైన చెప్పాను కదా.

ఇక చివరిమాట. మేస్త్రి హార్మోనియం మెట్ల మీద ఏ గుర్తులూ ఉండేవి కావు. మూత ఎత్తితే మాత్రం లోపలివైపు తెల్ల రంగుతో, సన్న కుంచెతో రాసిన ఒక పట్టిక ఉండేది. ఎడమవైపు పాత్ర, కుడివైపు శ్రుతి. కృష్ణుడు ఐదున్నర. అర్జునుడు ఐదు. ధర్మరాజు నాలుగున్నర. అది కొట్టేసి పక్కన నాలుగు. అదేంటని అడిగితే, "ఆయనకు వయసు మీదవడ్డది బిడ్డా, శ్రుతి దిగింది. మనిషినైతే మార్చం గదా, అంకె మార్చినం" అన్నాడు. అట్టడుగున ఉర్దూలో రెండు మాటలు, ఉర్సుకి వచ్చే పాటగాడి కోసం. అప్పుడు నాకు అది మామూలు చీటీలా కనిపించింది. ఇప్పుడు చూస్తే అది అచ్చంగా నా కాలి కింది పెట్టె. పాత్ర పేరు లేబులు, శ్రుతి ప్రీసెట్. పైగా దిద్దుబాట్లతో సహా.

ఆ మర్నాడు మట్టెవాడ వెళ్ళాను. మేస్త్రి పోయి చాలా కాలమైందట. హార్మోనియం ఒక భజన మండలికి ఇచ్చారు. వెళ్ళి చూశాను. బాగా చూసుకుంటున్నారు, పాపం, కొత్త తిత్తి వేయించారు, చక్కగా పాలిష్ పెట్టించారు. మూత ఎత్తాను. లోపల కూడా నున్నగా, మెరుస్తూ, ఏమీ లేకుండా ఉంది. ఎవరి తప్పూ లేదు. పాత రంగు గీకకుండా పాలిష్ ఎవరు పెడతారు? ఆ నాటక సమాజం గురించి ఏ పుస్తకంలోనూ ఏదీ నాకు కనపడలేదు. ఎవరెవరు ఏ వేషాలు కట్టారో, ఎవరి గొంతు ఎప్పుడు దిగిందో రాసి ఉన్నది నేను చూసినంతలో ఆ మూత ఒక్కటే. రెండేళ్ళు దాని ఎదురుగా కూర్చున్నాను, ఒక్కసారైనా నోటుబుక్కులో ఎక్కించుకోలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రామప్ప గుడికి వెళ్ళాను. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడ వేణువూదే కృష్ణుడి శిల్పాన్ని వేలితో తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చెబుతారు. ఏ చోట ఏ స్వరమో రాసి లేదు, గైడు వేలికే తెలుసు. నాకు అంతకంటే ఆ గోడల మీద నాట్యభంగిమలే ఎక్కువ ఆనాయి. కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాసి, నాట్యాలకి, అడుగులకి పేర్లూ లక్షణాలూ ఎక్కించాడు. పేర్లు ఆ పుస్తకంలో, ఆకారాలు ఈ రాతిలో. ఏడు వందల ఏళ్ళ తర్వాత నటరాజ రామకృష్ణ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నాట్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. రాయి ఒక్కటే ఉండి పేరు పోయినట్టయితే ఆ పని ఇంకెంత కష్టమయ్యేదో.

మట్టెవాడలో పెట్టె మిగిలింది, పేర్లు పోయాయి. ఐదున్నర మెట్టు ఇప్పటికీ పలుకుతోంది. కృష్ణుడు ఎవరో ఎవరికీ తెలియదు.

మీ ఇంట్లోనో, మీ ఊళ్ళో భజన గుడిలోనో పాత హార్మోనియం ఉంటే, బాగుచేయించే ముందు ఒకసారి మూత ఎత్తి లోపల చూడండి. గీతలు, అంకెలు, అంటించిన కాగితం ముక్క, ఏం కనపడినా ఫోటో తీసుకోండి. ఆ తర్వాత పాలిష్‌కి ఇవ్వండి.